అవతలి కొస మనిషి

ఆసుపత్రి లాండ్రీలో ఎవరినైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే ఆ మనిషి జవాబు చెప్పదు. దుప్పటి అవతలి కొస పట్టుకున్న మనిషి చెబుతుంది.

ఇది ఎవరో పెట్టిన రూలు కాదు. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఇస్త్రీ రోలరు పక్కన నిలబడాలి. ఆ మోతలో పిలిచినా వినపడదు. అందుకని వచ్చినవాళ్లు గుమ్మం వైపున్న మనిషినే అడిగేవారు, "ఆవిడ ఎలా ఉంది?" అని. ఏళ్లు గడిచేసరికి అదే అలవాటైపోయింది. రోలరు ఆపేసి టీ తాగుతున్నా సరే, ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవడం కాస్త సిగ్గులేని పనిగా తయారైంది. ఇంకో సంగతి కూడా ఉంది. జోడీ మనిషి అబద్ధం చెప్పకూడదు. "బాగానే ఉంది" అనేసి చేతులు దులుపుకుంటే కుదరదు. అవతలి చేతుల్లో సత్తువ ఎంతుందో దుప్పటి లాగగానే ఇవతలి చేతులకి తెలిసిపోతుంది కదా.

పొడుగమ్మాయికీ పెద్దమ్మకీ జోడీ కుదిరి ఆరేళ్లు. పెద్దమ్మ తల పొడుగమ్మాయి భుజం కూడా దాటదు. వాళ్లు పట్టుకున్న దుప్పటి మీద గోళీ వేస్తే తిన్నగా పెద్దమ్మ ఒళ్లో పడుతుందని మిగతావాళ్ల వేళాకోళం. పొడుగమ్మాయి నవ్వి ఊరుకునేది. ఆమె నోట్లోంచి మాట రావడమే తక్కువ. ఆ లోటు పెద్దమ్మ తీర్చేది.

పెద్దమ్మ భర్త పోయి మూడు నెలలైంది. అప్పటినుంచి ఆవిడ నోరూ మూతబడిపోయింది. పనికి మాత్రం ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదు. కానీ ఒకరోజు నెత్తుటి మరక వదలని దుప్పటి ఒకటి ఉతికినవాటిలో కలిసి వార్డుకి వెళ్లబోయింది. సూపర్‌వైజరు చూసి ఆఫీసుకి రాశాడు. ఆఫీసు ఒక కౌన్సెలర్ మేడమ్‌ని పంపింది. లాండ్రీలోని పద్నాలుగు మందినీ ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ముప్పై ప్రశ్నలు అడిగి, ఎవరి మనసు పనికి తగినట్టుందో, ఎవరిది లేదో ఆవిడ ఫారాల మీద రాయాలి. తగనివాళ్లకి ఆ వారంతో పని ఆఖరు.

మొదట పెద్దమ్మని పిలిచారు. ఆవిడ స్టోరు గదిలోకి వెళ్లింది, తలుపు పడింది. పావుగంటకి బయటికొచ్చింది. వస్తూనే పొడుగమ్మాయి మీద చిరాకు పడింది.

"నువ్వెందుకు రాలేదే? ఆవిడ అడుగుతూనే ఉంది, నేను తలుపు వైపు చూస్తూనే ఉన్నాను."

పొడుగమ్మాయికి విషయం అర్థమైంది. అంతలోనే సూపర్‌వైజరు వచ్చి చెప్పాడు. "పెద్దమ్మ పనికి తగదని రాశారమ్మా. ముప్పై ప్రశ్నలకి ఒక్కదానికీ నోరు విప్పలేదట. నన్నేం చెయ్యమంటావు?"

"నా వంతు ఎప్పుడు?"

"తర్వాత నువ్వే."

పొడుగమ్మాయి చేతిలోని దుప్పటి ట్రాలీలో పడేసింది. "పద పెద్దమ్మా."

స్టోరు గదిలో సబ్బుపొడి డబ్బాల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు ఉన్నాయి. మేడమ్ చిన్నపిల్లే. కళ్లకింద నీడలు. ఇద్దరినీ చూసి కలం పక్కన పెట్టింది.

"ఒక్కరే రావాలండీ."

"ఒక్కరినే అడగండి. ఆవిణ్ణి అడగండి, నేను చెబుతాను."

"అలా కుదరదు. ఎవరి మనసులో ఏముందో వాళ్లే చెప్పాలి. పక్కన ఇంకొకరుంటే మొహమాటపడి నిజం చెప్పరు."

"ఒక్కళ్లమే ఉన్నప్పుడే మేం అబద్ధాలు చెప్పుకునేది" అంది పొడుగమ్మాయి. పెద్దమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, తను డబ్బా ఒకటి లాక్కుని కూర్చుంది. "ఆవిడ ఫారం తియ్యండి. మళ్లీ మొదలుపెట్టండి."

మేడమ్ గడియారం చూసుకుంది. బయటికి పంపడం కంటే రెండు ప్రశ్నలు అడగడమే తేలికనుకుందో ఏమో, ఫారం తీసి చదివింది. "‘ఈ నెలలో నేను సరిగా నిద్రపోయాను.’ అవునా, కాదా?"

అవునంటే ఒక గడి దాటిపోతుంది. ఆ మాట పొడుగమ్మాయి నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ ఆమె వైపే చూస్తోంది. ఆరేళ్లుగా అబద్ధం ఎరగని కళ్లు అవి.

"కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటుంది. ఆ రోజు చేతులు వదులుగా ఉంటాయి, పది దుప్పట్లు దాటాకగానీ బిగువు రాదు."

"‘పనిలో పొరపాట్లు చేశాను.’"

"చేసింది. మరక దుప్పటి మీకు తెలిసిందే. ఇంకో రెండున్నాయి, మీకు తెలియవు. మడతపెట్టేటప్పుడు నేను చూసి పక్కకి తీశాను."

మేడమ్ తలెత్తింది. "మీరు ఆవిడకి సాయం చేస్తున్నాననుకుంటున్నారా? ఇవన్నీ రాస్తే నేను ఇందాక రాసిందే ఖాయమవుతుంది."

"రాయండి. దాని పక్కనే ఇంకోటి కూడా రాయండి. మరక దుప్పటి బయటపడిన రోజు నాకు జ్వరం, సెలవు పెట్టాను. జోడీ లేకుండా ఆవిణ్ణి ఒంటరిగా బల్ల దగ్గర నిలబెట్టారు. అది ఎవరి పొరపాటో అడిగే ప్రశ్న మీ ముప్పైలో ఉందా?"

లేదు. మేడమ్ వెతకలేదు కూడా. తర్వాతి ప్రశ్న కొంచెం మెల్లగా చదివింది. "‘నా సమస్యలను నేను సొంతంగా పరిష్కరించుకోగలను.’"

"లేదు. ఆవిడ వల్లా కాదు, నా వల్లా కాదు. కాదంటే ఎన్ని మార్కులు?"

"సున్నా."

"ఆ సున్నా పెట్టిన పెద్దమనుషుల్ని ఒకసారి ఇక్కడికి పిలవండి. ఒంటిచేత్తో పెద్ద దుప్పటి మడతపెట్టమందాం. దాంతో గది నేల మొత్తం తుడిచిపెడతారు."

మేడమ్ పెదవులు కదిలాయిగానీ నవ్వు బయటికి రాలేదు. "మీ మాట సరే. కానీ ఈవిడ మాట్లాడటమే లేదు. నా కళ్లతో నేను చూస్తున్నాను. దానికేమంటారు?"

"మీరు అడగాల్సింది అడగలేదు. నా గురించి అడగండి."

మేడమ్ పెద్దమ్మ వైపు తిరిగింది. "ఈ అమ్మాయి ఎలా ఉంది?"

"బాగాలేదు" అంది పెద్దమ్మ వెంటనే. గొంతు బొంగురుపోయి ఉందిగానీ మాట తిన్నగా ఉంది. "నడుం పట్టేసి ఇరవై రోజులైంది. తడి ట్రాలీ నన్ను ముట్టుకోనివ్వదు, తనే తోస్తుంది. ఆకలి లేదని చెప్పి తన అన్నం డబ్బాలో సగం నాకు పెడుతుంది. లేకపోవడమేమిటి, ఎద్దుకున్నంత ఆకలి ఉంది. నిద్ర మాత్రం దివ్యంగా పోతుంది, టీ వేళలో గుర్రు కూడా పెడుతుంది, రాసుకోండి."

పొడుగమ్మాయి సబ్బుపొడి డబ్బాల మీది అక్షరాలు చదువుతూ కూర్చుంది. నడుం నొప్పి ఎవరికీ తెలియదనుకుంది ఆమె.

"ఈమధ్య నన్ను చూసి భయపడుతోంది" పెద్దమ్మ ఇంకా చెబుతూనే ఉంది. "నేనేమైపోతానో అని. నేనేమీ అయిపోను. బాధ నాది, ఉంటుంది, దాంతోపాటే పని చేస్తాను. ఆ మాట నా అంతట నేను చెప్పుకోకూడదని ఊరుకున్నాను. ఇవాళ తప్పలేదు."

మేడమ్ కలం కిందపెట్టింది. తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "నేను చదివిన పుస్తకంలో మనిషికి ఒక మనసని, అది ఆ మనిషి లోపలే ఉంటుందని ఉంది."

"రాసినాయన తలుపేసుకుని ఒక్కడే కూర్చుని రాసుంటాడు" అంది పెద్దమ్మ.

ఈసారి మేడమ్ నవ్వేసింది. నవ్వు ఆగాక ఫారం వాళ్ల ముందుకి జరిపింది. "ఇందులో ఒక్కరికే చోటుందండీ. ఇద్దరి మాటలు ఎక్కడ రాయను?"

పొడుగమ్మాయి కలం అందుకుంది. కాగితం మధ్యలో పైనుంచి కిందికి గీత ఒకటి లాగింది. గీత వంకర పోయింది, అయినా అడుగుదాకా లాగింది.

"ఇప్పుడుంది చోటు. తగినవాళ్లమైతే ఇద్దరమూ తగినవాళ్లం, కాకపోతే ఇద్దరమూ కాదు. ఆవిణ్ణి పంపిస్తే నా పేరు కూడా ఆ కింద రాయండి. బయట ఇంకా పన్నెండు మంది ఉన్నారు. ఒక్కొక్కరినే పిలిచారనుకోండి, అందరూ మీ తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. లాండ్రీ మొత్తం పనికి తగదని రాసుకుంటారా? రేపు వార్డులకి దుప్పట్లు ఎవరు అందిస్తారో కూడా రాయండి."

అంత పొడుగు మాట ఆమె జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

మేడమ్ కలం తీసుకుని, ‘తగదు’ అన్నది కొట్టేసి ‘తగును’ అని రాసింది. గీతకి అవతలి రెండో గడిలోనూ అదే రాసింది. జోడీ ఇద్దరూ సంతకాలు పెట్టారు. అప్పుడు మేడమ్ ముఖంలో చిన్న కంగారు కనబడింది.

"ఈ కాగితం పైకి వెళ్తుంది. ఈ రెండో గడి ఎక్కడిదని పైవాళ్లు నన్ను అడుగుతారు. ఏం చెప్పను?"

పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది.

"మీరేం చెప్పొద్దు. వాళ్లనే ఇక్కడికి రమ్మనండి" అంది. "ఇద్దరిద్దరుగా రమ్మనండి."