చుట్ట ఆరేలోపు బాసగూడ

నా కుడికంటికి పొర కమ్మి రెండేళ్లయింది. బియ్యంలో రాయి కనపడదు. బాసగూడకు కళ్ల డాక్టరు వస్తున్నాడు, ఒంటిగంటకల్లా వెళ్లిపోతాడు అన్నారు. పొద్దున ఎనిమిదికే మా ఊరు ఉసూరులో రోడ్డెక్కాను.

జీపు ఆగింది. నడిపేది మా చెల్లెలి మనవడు మంగల్. పక్కన జగదల్‌పూర్ నుంచి వచ్చిన సంజయ్. ఫోను చెప్పే ప్రయాణం టైము ఎంతవరకు నిజమో కొలవడం అతని ఉద్యోగమట. మా ఆయన బతికుంటే నమ్మేవాడు కాదు.

“దాదీ, బాసగూడకు నలభై నిమిషాలు,” అన్నాడు సంజయ్ ఫోను చూసి.

“నలభై ఏంది? రెండు చుట్టలు,” అన్నాను. దారిలో ఎన్ని చుట్టలు కాలితే అంత దూరం, మా వాళ్లందరిదీ అదే కొలత. నడిస్తే తొమ్మిది, జీపులో రెండు.

దారిలో ఎద్దులు. ఊరూరా మంగల్‌కు చుట్టాలు. వాళ్ల మేకల క్షేమం కూడా అడగనిదే బండి కదిలించడు. గంటా పది నిమిషాలు పట్టింది. నా రెండో చుట్ట మాత్రం సరిగ్గా డాక్టరు గుడారం ముందే ఆరింది.

దిగబోయాను.

“దిగకు దాదీ! ఒక్కసారి కొలిస్తే లెక్క కాదు, మూడుసార్లు పోవాలి. నువ్వు దిగితే బండి బరువు మారిపోతుంది.”

“నా కన్ను ఏమైతదిరా?”

“లెక్క ముఖ్యం కదా.”

బండి వెనక్కి తిరిగింది. రెండోసారి ఫోను మళ్లీ నలభై అంది. యాభై అయిదు పట్టింది. చుట్టలు రెండే. బండి మెల్లగా పోతే నేనూ మెల్లగా పీలుస్తానని అతనికి చెప్పలేదు. సంజయ్ తన కాగితంలో చుట్టలకు వేరే గడి గీసుకున్నాడు.

మూడోసారి ఉసూరులో బయలుదేరేసరికి పన్నెండుంబావు. ఇక ఊపిరి తిప్పుకోకుండా పీల్చాను. నిప్పు పరుగెత్తడం సంజయ్ చూశాడు.

“తొందరగా, మంగల్! చుట్ట అయిపోతోంది, లెక్క పాడవుతుంది!”

మంగల్ పెద్దమ్మ ఇర్మె చెంబుతో నీళ్లు పట్టుకుని దారికి అడ్డం వచ్చింది.

“ఆగలేను పెద్దమ్మా, అవ్వ చుట్ట అయిపోతాంది!” అని వాడు అరిచాడు.

ఆమె వెంటనే పక్కకు తప్పుకుంది. చుట్ట లెక్క తెలిసిన మనిషి.

గుడారం ముందు నిప్పు నా వేలికి తగిలింది. ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువ. “మూడుసార్లూ రెండే!” అని సంజయ్ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఫోను చెప్పిన నలభై నిమిషాలు ఈసారి నిజమైన సంగతి అతను చూడనేలేదు.

డాక్టరు నా కంట్లో లైటు వేసి చూశాడు. “ఆపరేషన్ చేస్తే చూపొస్తుందమ్మా, పేరు రాసుకుంటున్నాను. కానీ ఈ రోజు నుంచి చుట్ట మానెయ్యాలి.”

“మానేస్తా బాబూ,” అన్నాను. “మరి ఇంటికి ఎట్ల పోవాలె?”