గుర్తు కింద ఎనభై ఏడు వరుసలు

ఆ థియేటర్లో లైట్లక్క అంటే తెలియని వాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా అక్కడి నాటకాలకు వెలుగు పెట్టేది ఆవిడే. మొదట్లో నిచ్చెనెక్కి బల్బులు మార్చిన మనిషి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని, లైట్లు నడిపే స్క్రిప్టు తనే రాసుకుంది. ఎవరో రాసిచ్చారనుకునేరు! అక్షరం అక్షరం ఆవిడదే.

ఆ స్క్రిప్టులో ఒక తమాషా ఉంది. పైనంతా ప్రోగ్రాము. దాని తర్వాత "ఇక్కడితో సరి" అని కంప్యూటర్‌కి చెప్పే ఒక గుర్తు. ఆ గుర్తు కింద లైట్ల జాబితా. వరుసకు మూడు అంకెలు: ఎన్నో లైటు, నూటికి ఎంత వెలుగు, ఎన్ని సెకన్లు. మొత్తం ఎనభై ఏడు వరుసలు. ప్రోగ్రాము తన అడుగున ఉన్న ఆ జాబితాను తనే చదువుకుని లైట్లు వెలిగిస్తుంది. రెండూ ఒకే ఫైల్లో ఎందుకంటారా? ఒకసారి ఊరు కాని ఊళ్ళో నాటకానికి ప్రోగ్రాము వెళ్ళింది, జాబితా ఫైలు ఇంట్లో ఉండిపోయింది. ప్రేమ సన్నివేశం, చావు సన్నివేశం అన్నీ ఒకే తెల్ల లైటు కింద ఆపరేషన్ చేసినట్టు నడిచాయి. ఆ రోజు లైట్లక్కకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే రెంటినీ కలిపేసింది.

ఇప్పుడు ముప్పు ఆ స్క్రిప్టు మీదికే వచ్చింది. కొత్త మేనేజరుకి అన్నీ ఒక్క బటన్‌తో నడవాలని సరదా పుట్టింది. ఒక ఇంజినీరమ్మాయిని పిలిపించాడు. నాటకం ముందు మోగే గంటలు, తెర, సౌండు, లైట్లు, అన్నింటినీ వరసగా పిలిచే పెద్ద స్క్రిప్టు ఒకటి ఆ అమ్మాయి రాసింది. పిల్ల మంచిదే, పనిమంతురాలే. కానీ పొద్దున రిహార్సల్లో బటన్ నొక్కగానే ఎనభై ఏడు మార్పులు రావాల్సిన చోట మూడంటే మూడు లైట్లు మినుకుమని, ఆ తర్వాత స్టేజి మొత్తం చీకటైపోయింది. రాజు వేషం వేసినాయన సింహాసనం అనుకుని మెట్ల మీద కూలబడ్డాడు.

"అక్కా, మీ స్క్రిప్టు విడిగా నడిపితే బానే ఉంది. నా దాంట్లోంచి పిలిస్తే ఇలా అవుతోంది. ఎందుకో అంతు చిక్కడం లేదు" అంది ఇంజినీరమ్మాయి.

మేనేజరు మాత్రం తేల్చేశాడు. "చూడమ్మా, నాలుగింటికి నాటకం. రెండింటికి ఇంకోసారి చూస్తాం. అప్పటికీ కుదరకపోతే స్విచ్చులేసి నడిపిద్దాం. వచ్చే నెల నుంచి లైట్ల పని బయటి కంపెనీ వాళ్ళు చూసుకుంటారు. నువ్వు టికెట్ల కిటికీ దగ్గర కూర్చుందువుగాని, హాయిగా నీడపట్టున."

నీడపట్టునట! ఇరవై రెండేళ్ళు వెలుగుతో కాపురం చేసిన మనిషిని! ఒళ్ళు మండింది లైట్లక్కకి. వచ్చి తన లైట్ల బల్ల ముందు కూర్చుంది. ఆ కుర్చీలోంచి లేపేస్తే తను ఇంకెవరో తనకే తెలియదు.

మళ్ళీ నడిపించింది. మొదటి లైటు, రెండోది, మూడోది. ఆవిడకు మీటరు అక్కర్లేదు, కంటితోనే చెప్పగలదు: పదిహేను, పది, ఐదు. ఇవి తన అంకెలు కావు. ఐదు వెలుగు పెట్టడానికి తనకేమైనా పిచ్చా?

అంతలో స్టేజి పక్క తెరచాటు నుంచి సుత్తి పట్టుకుని మొగుడు తల బయటపెట్టాడు. ఆయన థియేటర్ వడ్రంగి.

"ఏమే, రెండో గంట నాటకానికి పది నిమిషాల ముందా, ఐదు నిమిషాల ముందా? ఆలోగా తలుపు బిగించాలి."

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు! మొదటిది పదిహేను, రెండోది పది, మూడోది..." అని ఠక్కున ఆగిపోయింది. "మీ నోట్లో పంచదార పొయ్య!"

"నేనేం చేశానే?" అన్నాడాయన బిక్కమొహం వేసి.

లైట్లక్క వినిపించుకుంటేగా! "అమ్మాయ్, ఇలా రా. నీ పెద్ద స్క్రిప్టు అడుగున ఏం పెట్టావు?"

"గంటల జాబితా అక్కా. ఎన్నో గంట, ఎన్ని నిమిషాల ముందు, ఎన్ని సెకన్లు మోగాలి. మీది చూసే నేర్చుకున్నా. మీలాగే గుర్తు పెట్టి, దాని కింద..."

"అదీ సంగతి! అడుగున ఉన్న జాబితా చదవమంటే కంప్యూటర్ ముందుగా మొదలెట్టిన ఫైలు అడుగే చూస్తోంది. నా స్క్రిప్టు ఒక్కటే నడిస్తే నా అడుగు. నువ్వు పిలిస్తే నీ అడుగు. నా లైట్లు నీ గంటలు చదివాయి తల్లీ!"

ఆ పిల్ల గబగబా తన ఫైలు అడుగుకి దిగి చూసుకుంది. లైట్లక్క తన స్క్రిప్టులో రెండే రెండు లైన్లు మార్చింది: ఎవరు పిలిచినా సరే, నువ్వు రాసి ఉన్న ఫైలే తెరువు, అందులో గుర్తు వెతుకు, దాని కిందది చదువు. మళ్ళీ బటన్ నొక్కింది. ఎనభై ఏడు వరుసలూ లెక్కకు వచ్చాయి. స్టేజి వెనక తెర మీద తెల్లవారింది, మెల్లగా, ఆవిడ అనుకున్నంత మెల్లగా. లైట్లక్కకి గుండె నిండిపోయింది.

రెండింటికి అందరి ముందూ నడిచింది, ఒక్క లైటూ తడబడలేదు. మేనేజరు సంబరంగా మైకు అందుకున్నాడు. "మన ఇంజినీరు గారు తప్పెక్కడుందో పట్టేశారు! అందరూ చప్పట్లు కొట్టాలి!"

ఇరవై రెండేళ్ళలో ఇలాంటివి ఎన్ని దిగమింగిందో ఆవిడకే తెలుసు. ఈసారి మింగుడు పడలేదు. లేచి నిలబడింది.

"ఆ అమ్మాయి కాదండీ. పట్టుకున్నది నేను. బాగుచేసింది నేను. అసలా స్క్రిప్టు రాసిందే నేను."

"నిజం సార్" అంది ఇంజినీరమ్మాయి. "తెర స్క్రిప్టూ సౌండు స్క్రిప్టూ కూడా అక్క చూసి సరే అంటేనే పని పూర్తయిందని నేను సంతకం పెడతాను."

మేనేజరు మైకు కిందికి దించాడు. "అంటే... మరి వచ్చే నెల కంపెనీ వాళ్ళు..."

"రమ్మనండి. పని నేర్పించి పంపిస్తాను."

తెరచాటు నుంచి ఒక ఈల, దాని వెనకే "అదీ మా ఆవిడంటే!" అన్న కేక. హాలు గొల్లుమంది. చప్పట్లు ఇప్పుడు మోగాయి, ఎవరూ కొట్టమని చెప్పకుండానే. మేనేజరుకి కూడా నవ్వు ఆగలేదు.

"వద్దులేమ్మా, కంపెనీకి రావద్దని రాసేస్తాను. నీ కుర్చీ నీదే."

"నాదే" అంది లైట్లక్క, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటూ.