ఏరా, కాలువా?

మా మేనత్త ఇంటి వెనక పారే నీటిని పదకొండేళ్ళుగా కొలుస్తున్నాను. నీటిమట్టాల ఆఫీసులో నా ఉద్యోగమే అది. ఇన్నేళ్ళూ ఎవరూ దాన్ని ఏమనాలో అడగలేదు. మునిసిపల్ చైర్మన్ గారికి దాని మీద పలకలు పరిచి దుకాణాలు కట్టించాలని బుద్ధి పుట్టేసరికి ఆ అవసరం వచ్చిపడింది. మురుగుకాలువైతే కప్పెయ్యొచ్చు. ఏరైతే ఒడ్డున ఇటుక కూడా పెట్టకూడదు. అత్త మొక్కల నర్సరీ మొత్తం ఆ నీళ్ళ మీదే బతుకుతోంది. అందుకే వారం రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు.

విచారణ మునిసిపల్ ఆఫీసు మేడ మీద జరిగింది. ఫ్యాను కింద చైర్మన్ గారు, ఎదురుగా లెక్కల పుస్తకాలతో నేను, వెనక కుర్చీలో అత్త. ఆమె ఒళ్ళో కాగితం చుట్టిన గులాబీ అంటు ఒకటుంది.

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు. "మొదటి అంశం. ఏరా, కాలువా?"

చైర్మన్ గారి మొహం ఎర్రబడింది. "ఎవర్నయ్యా ఏరా అంటున్నావు?"

"మిమ్మల్ని కాదండీ. నీళ్ళని."

నేను పుస్తకాలు తెరిచి, నడి ఎండాకాలంలో కూడా ప్రవాహం ఒక్కరోజు ఆగలేదని తేదీలతో సహా చూపించాను. ఆయన ఆవలించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎండల్లో లోతెంతమ్మా?"

"చీలమండ దాకా అండి."

"అదేం ఏరు? ఏరంటే మనిషి ఈదేట్టుండాలి. కాలువని రాసుకోవయ్యా."

గుమాస్తా కలం మూత తీశాడు. నీళ్ళని కొలిచిన కష్టమంతా నీళ్ళపాలైందనుకున్నాను. అప్పుడు అత్త లేచి, అంటుకి చుట్టిన కాగితం విప్పి మట్టి దులిపింది. అత్త వీధిలోనే పెరిగిన చైర్మన్ గారు కిందటి ఎన్నికల్లో ఇంటింటికీ పంచిన కరపత్రం అది.

"చదవవే," అంది నాతో.

చదివాను. "చిన్నప్పుడు మా వీధి వెనక ఏటికి ఎదురీది బడికి వెళ్ళినవాణ్ని..."

గుమాస్తాకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

"మురుగుకాలవలో ఈదావా నాయనా?" అంది అత్త మెత్తగా. "తేల్చి చెప్పు. ఏరా?"

అడిగింది నీళ్ళ గురించో, పిలిచింది ఆయన్నో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మాత్రం తల వంచుకుని, "ఏరే," అన్నారు. గుమాస్తా రాశాడు. ఆయన సంతకం పెట్టారు. కరపత్రం కూడా ఫైల్లోకి వెళ్ళిపోయింది.

మెట్లు దిగుతూ సంతోషం పట్టలేక అత్త చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "ఎలాగైతేనేం, ఆయన ఈత మనల్ని గట్టెక్కించింది."

"వాడికి ఈతెక్కడిదే? మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని బయటికి లాగింది నేనే."

"మరి ఆ మాట అక్కడే అనలేదేం?"

అత్త అంటు వేళ్ళకి కొంగు చుట్టింది. "అంటే ఈదలేదని ఒప్పేసుకునేవాడు. అప్పుడు మన ఏరేమయ్యేది?"