నాలుగు పట్టీల కోటు

నీలం రంగు కోటు చేతుల చివర బంగారు పట్టీలు నాలుగేసి కుట్టాలి. రాంగోపాల్‌పేట్ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని శ్రీలలిత మూడు కుట్టేసి నాలుగోది కొలుస్తోంది. విమానంలో నాలుగు పట్టీలుండేది కెప్టెన్‌కి. ఈ కోటు మాత్రం ఆమె భర్త ఉదయ్ భాస్కర్‌ది. అతనికి విమానం నడపడం రాదు. కారు వెనక్కి తీయాలన్నా వాచ్‌మన్ వెనకాల నిలబడి అరవాలి.

"నాలుగు పెడితే పైలట్ అనుకుంటారండీ. ఎవరైనా అడిగితే బావుండదు," అంది.

"అనుకోనీ. కంపెనీకి కెప్టెన్ని కానా ఏంటి?" అన్నాడతను, అద్దంలోంచి చూపు తిప్పకుండా.

వంటింట్లోంచి అత్తగారు జగదాంబ అందుకుంది. "వాడడిగింది కుట్టిపెట్టవే అమ్మాయ్. ప్రతిదానికీ ఓ మెలిక పెడతావు."

శ్రీలలిత నాలుగోది కూడా కుట్టింది. ఆ కోటు తొడుక్కునే ఉదయ్ భాస్కర్ ఓ పెద్ద హోటల్లో దీపం వెలిగించి 'ఉదయ విహార్' ప్రారంభించాడు.

ఉదయ విహార్ అంటే సెలవులకు వెళ్లేవాళ్ల కోసం మాత్రమే నడిచే విమానం. టికెట్టు, హోటలు, భోజనం, ఊరు తిప్పడం అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. వారానికి రెండుసార్లు శంషాబాద్ నుంచి తిన్నగా ఫుకెట్, ఒకసారి బాలి. కంపెనీకి ఉన్నది ఒక్కటే విమానం, అదీ సొంతం కాదు. పైలట్లతో సహా ఓ విదేశీ కంపెనీ దగ్గర అద్దెకు తెచ్చిన పాత విమానం. దాని పొట్ట మీద నారింజ రంగు సూర్యుణ్ణి వేయించాడు. ఉదయించేది ఎవరో జనానికి అర్థం కాదేమోనని కింద తన సంతకం కూడా వేయించాడు.

ఆ ఆలోచన అతనిది కాదన్న సంగతి అతనికి గుర్తులేదు. పెళ్లికి ముందు ఆరేళ్లూ, పెళ్లయ్యాక ఏడాదీ శ్రీలలిత ఎస్.డి. రోడ్డులో ఓ ట్రావెల్ ఆఫీసులో టికెట్లు చూసేది. ఏ దేశానికి ఏ నెలలో జనం వెళతారో, ఏ హోటలువాడు మాట మీద నిలబడతాడో ఆమెకి నోటికి వచ్చు. కూతురు నీహారిక పుట్టాక అత్తగారు "పిల్లని ఆయా పెంచుతుందా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేసి ఆ ఉద్యోగం మాన్పించింది. ఆ ప్రశ్న కొడుకుని కూడా అడగొచ్చని ఆవిడకి తోచలేదు. కొడుకు అప్పట్లో రాణిగంజ్‌లో తండ్రి వదిలిపోయిన మోటారు పంపుల షాపు చూసేవాడు. నిజంగా చూసేవాడే. కుర్చీలో కూర్చుని షాపు వైపు చూసేవాడు, పని గుమాస్తాలు చేసేవారు. ఇక్కణ్ణుంచి తిన్నగా సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి తిన్నగా తీసుకొచ్చే విమానం ఉంటే మన ఊరి జనం క్యూ కడతారని అన్నం వడ్డిస్తూ ఆమె ఓసారి అంది. "నీకేం తెలుసు, నువ్వు పెరుగు వెయ్యి," అన్నాడు. నెల తిరక్కుండా అదే మాట పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు, ఆమె కాఫీలు అందిస్తుండగా, తన కలగా చెప్పాడు. చెప్పి ఆమె వైపు తిరిగి, "లలితా, చార్టర్ అంటే ఏంటంటే..." అని విడమరిచి వివరించాడు కూడా. వచ్చినవాళ్లు ఇంత ఓపికగల మొగుడు దొరికినందుకు ఆమెని అభినందించారు.

కంపెనీ అంటే ఇద్దరు డైరెక్టర్లు ఉండాలట. "ఊరికే కాగితం మీద, నువ్వు పెట్టేయ్," అని ఆమె సంతకం తీసుకున్నాడు. టికెట్ల మీద అచ్చువేయడానికి సహాయం నంబరు కావలసి వచ్చింది. "మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది," అని ఆమె నంబరు వేయించాడు. ఆ రోజు నుంచి శ్రీలలిత చేతికి పిండి అంటి ఉన్నా, తలకి నూనె ఉన్నా ఫోన్ చెవి దగ్గరే. వీసా కాగితాల్లో తప్పులు, వీల్‌చైర్లు, ఉల్లి తినని పెద్దవాళ్లు, చంటిపిల్లల పాలు, కొత్తగా పెళ్లయి రెండో రోజే కొట్టుకున్న జంటలు. భోజనాలు ఇచ్చేవాడు మొదటి నెల చేతులెత్తేస్తే రెండువందల పులిహోర పొట్లాలు ఈ వంటింట్లోనే కట్టింది. ఆఫీసులో పనిచేసే మేబెల్‌కి జీతం ఉంది, టేబుల్ ఉంది, ఆదివారం చర్చికి సెలవుంది. శ్రీలలితకి ఉన్నది భోజనాల బల్ల. అది కూడా పన్నెండింటికల్లా అత్తగారి కంచం కోసం ఖాళీ చేయాలి.

రెండో ఏడు ఉదయ్ భాస్కర్‌కి ఎవరో అవార్డు ఇచ్చారు. నలభై ఆరేళ్ల వయసులో 'యువ' అన్న మాటున్న అవార్డు. వేదిక మీద తల్లికి, తండ్రి ఫోటోకి, గురువుగారికి, డ్రైవరుకి కృతజ్ఞతలు చెప్పాడు. ఆఖర్న గుర్తొచ్చి, "మా ఆవిడ కూడా వచ్చింది," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. శ్రీలలిత కూడా కొట్టింది. ఆ చప్పుడు తన చేతుల్లోంచే వచ్చిందని తర్వాత చాలాసార్లు తల్చుకుని సిగ్గుపడింది. అతను గాలి కొట్టిన బెలూన్ అయితే, ఆ గాలి తను కొట్టిందే కదా. పదిహేడేళ్లుగా అతని చొక్కాలు ఇస్త్రీ చేసి, అతని అక్షరాల తప్పులు దిద్ది, నలుగురిలో అతను తెలివితక్కువగా ఏదైనా అంటే మాట మార్చి, తనే కదా ఈ మనిషిని మనిషిలా నిలబెట్టింది.

మూడో ఏడు వానాకాలంలో ఫుకెట్ విమానం సగం సీట్లు ఖాళీగా ఎగిరింది. ఉదయ్ భాస్కర్ రెండో విమానానికి బయానా కట్టడానికి డబ్బు వేరే ఖాతాలో పెట్టాడు.

"ముందు ఉన్న విమానం అద్దె కట్టండి," అంది శ్రీలలిత.

"ఇదే నీతో వచ్చింది. ఎప్పుడూ నెగెటివ్. పెద్దగా ఆలోచించేవాణ్ణి కిందకి లాగుతావు."

ఆ వారమే, ఓ బుధవారం, కంపెనీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చేశాడు. ఎందుకని అడిగితే "సెక్యూరిటీ," అన్నాడు.

శుక్రవారం నాడు నూట నలభై ఎనిమిది మంది ఫుకెట్ వెళ్లారు. వాళ్లలో సీతాఫల్‌మండి నుంచి అనసూయమ్మ, ఆమె వెంట మహిళా సంఘం వాళ్లు ఇరవై ఇద్దరు. ఒక్కరూ అంతకుముందు విమానం ఎక్కలేదు. వెళ్లేముందు అనసూయమ్మ శ్రీలలితకి రోజూ ఫోన్ చేసేది. చీర కట్టుకోవచ్చా, పచ్చడి తేవచ్చా, చెవుల్లో దూది పెట్టుకోవాల్నా. వాళ్లు తిరిగి రావలసిన మంగళవారం ఉదయం పదింటికి మళ్లీ అదే గొంతు.

"లలితమ్మా, జెర సూడు బిడ్డా. గీడ మన ఇమానం లేదంటున్నరు. పొద్దుగాలనే ఖాళీగ ఎగిరిపోయిందంట. ఖాళీగ ఎట్ల పోతది? మేమంత ఈడ్నే ఉన్నం గద!"

శ్రీలలిత భర్తకి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. "బెంగుళూరులో మీటింగ్‌ట. విసిగించకు వాణ్ణి," అంది అత్తగారు. గంటలో మేబెల్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, మడిచిన కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

"సార్ కంప్యూటర్లో మెయిల్ తెరిచే ఉంది అక్కా. చదివి ప్రింట్ తీశాను. నన్నేమైనా అననీ."

విమానం సొంతదారు పోయిన బుధవారం రాసిన ఉత్తరం అది. మూడు నెలలుగా అద్దె రాలేదు, సోమవారం లోపు కట్టకపోతే మంగళవారం ఉదయం మా విమానాన్ని ఫుకెట్ నుంచే వెనక్కి తీసుకుపోతాం, మీ ప్రయాణికులకు వేరే ఏర్పాటు చేసుకోండి అని స్పష్టంగా ఉంది. కింద ఉదయ్ భాస్కర్ ఇచ్చిన జవాబు ఒక్కటే మాట. 'నోటెడ్.'

బుధవారం తెలుసు. గురువారం తెలుసు. శుక్రవారం శంషాబాద్‌లో ఆ కోటు వేసుకుని నిలబడి, అనసూయమ్మ చేతిలో గులాబీ పెట్టి, ఫోటో దిగి మరీ విమానం ఎక్కించాడు. శ్రీలలితకి ఏడుపు రాలేదు, కోపం కూడా కాదు వచ్చింది. గిన్నె కింద ఏదో మెత్తగా తగిలితే ఎత్తి చూసి ముఖం తిప్పుకుంటామే, అలాంటి అసహ్యం. ఇన్నాళ్లూ అతన్ని తెలివితక్కువవాడని అనుకుంది, గొప్పలు చెప్పుకుంటాడు పాపం అనుకుంది. ఆ 'పాపం' అన్న మాటతోనే ఎంత కాపురం చేసింది! మూర్ఖుడు కాబట్టి క్షమించింది. ఇతను మూర్ఖుడు కాడు. తన కోటు నలక్కుండా ఉండటానికి నూట నలభై ఎనిమిది మందిని పరాయి దేశంలో వదిలేయగల లెక్క తెలిసినవాడు.

ఆమె అనసూయమ్మకి తిరిగి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, అబద్ధం చెప్పను. విమానం రాదు. ఇది మా ఆయన చేసిన పని. మిమ్మల్నందరినీ ఇంటికి చేర్చేదాకా నేను ఈ ఫోన్ దగ్గరే ఉంటాను. ముందు అందరూ ఒకచోట కూర్చోండి, పెద్దవాళ్ల పేర్లు, మందులు వాడేవాళ్ల పేర్లు చెప్పండి."

"నిజం జెప్పినవ్. గదే చాలు. రాస్కో," అంది అనసూయమ్మ.

భోజనాల బల్ల మీద కాగితాలు పరిచారు. శ్రీలలిత ఎస్.డి. రోడ్డు పాత స్నేహితులందరికీ ఫోన్లు చేసింది. పదిహేడేళ్ల తర్వాత కూడా ఆమె గొంతు గుర్తుపట్టారు. ఒక విమానంలో తొమ్మిది, ఇంకోదాంట్లో పద్నాలుగు, బ్యాంకాక్ మీదుగా కొందరు, కౌలాలంపూర్ మీదుగా కొందరు. డబ్బు? అది రెండో విమానం బయానా ఖాతాలో ఉంది. ఇద్దరు డైరెక్టర్లలో ఎవరు సంతకం పెట్టినా చెల్లే ఖాతా. 'ఊరికే కాగితం మీద' అని అతను తీసుకున్న సంతకమే ఆమె బ్యాంకుకెళ్లి పెట్టివచ్చింది.

పన్నెండింటికి జగదాంబ వచ్చి బల్ల పక్కన నిలబడింది. "ఇదేంటే, నేనెక్కడ తినాలి?"

"ఈ రెండు రోజులూ మీ గదిలో తినండి అత్తయ్యా. కుక్కర్లో అన్నం ఉంది, వడ్డించుకోండి," అంది శ్రీలలిత, తలెత్తకుండా. జగదాంబ మేబెల్ వైపు చూసింది. మేబెల్ ఫోన్లో పాస్‌పోర్టు నంబర్లు చదువుతోంది. ఆవిడ వెళ్లి వడ్డించుకుంది.

గురువారం సాయంత్రం ఆఖరి ఆరుగురూ దిగారు. అనసూయమ్మ విమానాశ్రయం బయట శ్రీలలితని పట్టుకుని, తిట్టాల్సినవన్నీ ఉదయ్ భాస్కర్‌ని తిట్టి, ఆమె చేతుల్ని మాత్రం వదల్లేదు. "కంప్లైంట్ ఇస్తం బిడ్డా. నీ మీద గాదు. ఇంక నీకేమన్న తక్లీఫ్ అయితే మా మీది పోర్షన్ ఖాళీగుంది, యాదుంచుకో."

శుక్రవారం పొద్దున్న ఉదయ్ భాస్కర్ ఇంటికొచ్చాడు. బెంగుళూరు నుంచి కాదు, ఊళ్లోనే కాప్రాలో ఉన్న స్నేహితుడి ఇంటి నుంచి. చెరువు గట్టున నాలుగు రోజులు వాకింగ్ చేసి, నున్నగా గడ్డం గీసుకుని, కాస్త ఒళ్లు చేసి వచ్చాడు. వెంట లాయరు పురుషోత్తం.

"రెండో విమానం బయానా ముట్టుకున్నావా?" అన్నాడు గుమ్మంలోనే.

"మొదటి విమానం లేదు కదండీ," అంది శ్రీలలిత.

పురుషోత్తం దగ్గి, రెండు పేజీల కాగితం బల్ల మీద పెట్టాడు. ప్రయాణికుల ఫిర్యాదు మీద రేపు ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలట. ఈలోగా ఆమె సంతకం కావాలట. శ్రీలలిత చదివింది. మొదటి పేజీ నిండా ఆమె పని. వీసాలు, హోటళ్లు, భోజనాలు, ప్రయాణికుల ఫోన్లు, సమస్తం డైరెక్టర్ శ్రీమతి శ్రీలలితే చూసుకునేదని. మూడేళ్లలో ఒక్కరూ ఒక్కసారీ అనని మాటలు ఎంత వరసగా, ఎంత మర్యాదగా రాశారో! రెండో పేజీలో అసలు విషయం ఉంది. విమానం వెనక్కి పోతుందన్న మెయిల్ ఆమే చూసిందని, భర్తకి చెప్పడం మర్చిపోయిందని.

"ఆడవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెట్టరమ్మా. బెయిల్ వెంటనే వస్తుంది. సార్ బయటుంటేనే కదా మళ్లీ కంపెనీ నిలబెట్టేది," అన్నాడు పురుషోత్తం.

"నా కొడుకు పేరు పోతే ఇంట్లో ఎవరికి విలువే?" అంది జగదాంబ.

"లలితా, నేను విజన్. నువ్వు ఆపరేషన్స్. నిజమే కదా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. గొంతులో బతిమాలడం కూడా లేదు. చొక్కాకి గుండీ కుట్టమన్నట్టు అడిగాడు.

"మొదటి పేజీ నిజమే," అని శ్రీలలిత ఆ ఒక్క పేజీ కిందే సంతకం పెట్టి, మడిచి తన బ్యాగులో వేసుకుంది. రెండోది బల్ల మీదే వదిలేసింది. లోపలికెళ్లి కాలేజీ హాస్టల్లో ఉన్న నీహారికతో పదినిమిషాలు మాట్లాడింది. కూతురు అంతా విని, "బట్టలు సర్దుకున్నావా అమ్మా?" అని మాత్రం అడిగింది. మధ్యాహ్నం భోజనాల వేళకి శ్రీలలిత సూట్‌కేసుతో ఆటో ఎక్కింది.

శనివారం స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఎదురుగా మేబెల్ ఇచ్చిన మెయిల్ ప్రింటు, సంతకం పెట్టిన పేజీ పక్కపక్కన పెట్టింది. చిరునామా అడిగితే సీతాఫల్‌మండిది చెప్పింది. బయట వరండాలో ఉదయ్ భాస్కర్ పురుషోత్తంతో గుసగుసలాడుతున్నాడు. ఆ గొంతు లోపలికి వినిపిస్తూనే ఉంది.

"సూటిగా అడుగుతున్న మేడమ్. ఇమానం తిరిగి రాదని మీ వారికి ముందుగాల తెలుసా?"

నాకు తెలియదండీ అంటే సరిపోతుంది. అబద్ధం కూడా పూర్తిగా కాదు, ఒకరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు అనొచ్చు. అంటే మంచి ఇల్లాలు. పద్దెనిమిదేళ్లుగా ఇలాంటి ప్రతి సందులోనూ నేర్పుగా మాట తప్పించి అతన్ని దాటించింది. ఆ నేర్పు నాలుక మీదికి వచ్చి నిలబడింది కూడా. శ్రీలలిత దాన్ని మింగేసింది.

"తెలుసు. బుధవారం తెలుసు. శుక్రవారం వాళ్లని ఎక్కించాడు."

ఇన్‌స్పెక్టర్ కలం ఆపాడు. "సోంచాయించి చెప్తున్నరా? ఇది సీదా ఆయన మీదికే పోతది."

"రాసుకోండి సార్. ఇంగ్లీషులో ఉదయ్ చివర రెండు వైలు పెట్టండి, న్యూమరాలజీ వాడు పెట్టించాడు. ఒకటే పెడితే అది నేను కాదంటాడు."