కార్డు లేని మాట

లాతిర్ గుడ్లగూబకు రెండో కన్ను పెట్టి, పాళీ పైకెత్తి, బిగబట్టిన ఊపిరి వదిలాడు. కార్డు పైభాగాన నల్ల సిరాతో మూడు ఈజిప్టు బొమ్మ అక్షరాలు కుదురుగా నిలిచాయి: గుడ్లగూబ, చెయ్యి, నీటి అల. వాటి కింద నాలుగు గీతలు, గీతకో భాష. పైన పాత ఈజిప్టు మాట ఉచ్చారణ, దాని కింద వొలోఫ్, ఆ కింద సెరేర్, అడుగున పులార్. అట్టడుగున ఆ మాట చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ. సిరా ఆరేదాకా కార్డును కిటికీ వైపు పట్టుకున్నాడు. డకార్ సముద్రపు ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టాయి, టైపు మిషను కడ్డీలు కూడా తుప్పుపట్టాయి. అతని కుడిచేతి నడిమివేలి మీద సిరామరక మాత్రం ఇరవై రెండేళ్ళుగా అలాగే ఉంది.

సన్నటి మనిషి, యాభై ఏడేళ్ళు. చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి సొరుగులు తుడవడం, బొమ్మలు గీయడం, టైపు కొట్టడం, సాయంత్రం బస్సెక్కడం, ఆదివారం చర్చికి వెళ్ళడం. అతని జీవితం ఇంతే అంటే ఎవరూ కాదనరు, అతనూ కాదనడు.

అది భాషలు శోధించే ప్రొఫెసర్ గారి ఆఫీసు. గదికి ఒక పక్క బీరువా నిండా పుస్తకాలు. మా నల్లవాళ్ళకు చరిత్రే లేదనీ, తెల్లవాళ్ళ ఓడలు వచ్చాకే మేం లోకంలో పడ్డామనీ వాటిలో రాసి ఉంటుంది. రెండో పక్క ఎర్రచెక్క సొరుగుల్లో ప్రొఫెసర్ గారి జవాబు. నైలు ఒడ్డున గోడల మీద చెక్కిన మాట మా అమ్మమ్మల నోట్లో ఇంకా బతికే ఉంటే, మేం ఎవరమో చెప్పడానికి ఆ బీరువా ఎవరు? ఇదీ ఆయన వాదన. అందుకే ఆయనకొక నియమం ఉంది. కార్డు లేని మాట పుస్తకంలోకి రాదు. మాట ఎంత గొప్పదైనా సరే, ఎవరు చెప్పారో, ఎక్కడ, ఎప్పుడు చెప్పారో కార్డు మీద లేకపోతే ఆయనకది పుట్టనట్టే. ఒక్క తప్పు దొరికితే చాలు, ఫక్కున నవ్వడానికి పారిస్‌లో పెద్దలు కాచుక్కూర్చున్నారు.

మెట్ల మీద దగ్గు వినిపించింది. ఆ వెనకే గొంతు.

"ఏరా బానిసా! అయ్యగారి కుర్చీ తుడిచావా?"

"రెండుసార్లు తుడిచాన్రా. నిన్న నువ్వు కూచున్నావుగా, కంపు పోవద్దూ?" అన్నాడు లాతిర్ తల తిప్పకుండానే.

వచ్చినవాడు హమాదీ. ఊళ్ళు తిరిగి ముసలివాళ్ళ నోటి మాటలు పట్టుకొచ్చేది అతనే. పొడుగ్గా, నిండుగా ఉంటాడు, నీలం పొడుగు అంగీ గాలికి తెరచాపలా ఉబ్బుతుంది. ఇవాళ మాత్రం గుమ్మం దగ్గరే ఆగి, చెయ్యి గోడకానించి ఆయాసం తీర్చుకున్నాడు.

"ఫరో మా సెరేర్ వాడేనని నిన్న ప్రొఫెసర్ గారే ఒప్పుకున్నాడు తెలుసా?" అన్నాడు లాతిర్.

"నీలాంటి బక్కోడు ఫరో అయితే పిరమిడ్డు పక్కకి ఒరిగేదిరా! ఫరో మా తుకులేర్ తాతే. మీ తాత వెనకాల నిలబడి విసనకర్ర విసిరేవాడు. అదీ సరిగ్గా విసిరేవాడు కాదట."

సెరేర్ వాళ్ళకూ, పులార్ మాట్లాడే తుకులేర్ వాళ్ళకూ మా దేశంలో బావామరదుల వరస. ముక్కూమొహం తెలియని ఇద్దరు సంతలో ఎదురుపడినా, ఇంటిపేర్లు తెలిసిన మరుక్షణం నువ్వు నా బానిసవంటే నువ్వు నా బానిసవని మొదలుపెడతారు. ఏమన్నా కోపం రాకూడదు. చావింట్లో అన్నా రాకూడదు, అసలు చావింట్లో అనకపోతేనే తప్పు. అది తాతలనాటి కట్టు.

ఆ కట్టు చాటున లాతిర్ ఇరవై రెండేళ్ళుగా దాక్కున్నాడు. అతను హమాదీని తిట్టిన తిట్లలో సగం వేళాకోళం కావు, కడుపుమంట. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి ఏడాదే ప్రొఫెసర్ గారు "హమాదీకి చెవి ఉంది" అన్నాడు. అంతే, ఊళ్ళు హమాదీవయ్యాయి. వెళ్ళిన చోటల్లా పెరుగన్నం, కోడి కూర, పోయేటప్పుడు చేతిలో ఒక కోడిపుంజు. లాతిర్‌కు దుమ్ము. ప్రొఫెసర్ గారు కైరో సభకు వెళుతూ వెంట హమాదీని తీసుకెళ్ళాడు. వేలకొద్దీ గుడ్లగూబలు గీసిన లాతిర్ మాత్రం గోడ మీది అసలు గుడ్లగూబను చూడలేదు. మొదటి పుస్తకం ముందుమాటలో "హమాదీ చెవి లేనిదే ఈ గ్రంథం లేదు" అని అచ్చయింది. చేతి గురించి ఎవడూ రాయలేదు. ఎవరూ లేనప్పుడు లాతిర్ సొరుగుల్లో కార్డుల వరసను జానలతో కొలిచేవాడు. హమాదీ వాళ్ళ పులార్ పద్నాలుగు జానలు, తన సెరేర్ తొమ్మిది. తన తల్లి భాష మీద కూడా హమాదీ గెలిచినట్టే ఉండేది అతనికి, కళ్ళు కుట్టేవి.

"ఆ కార్డు కనబడిందేమిట్రా?" అన్నాడు హమాదీ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"ఏ కార్డు?"

"పోదోర్ ముసలమ్మది. మూడ్రోజుల్నించీ వెతుకుతున్నా. అచ్చుకెళ్ళే పుస్తకం కట్ట ఇవాళ నాలుగింటికి విమానానికి వెళ్ళిపోతుంది కదా."

అది మామూలు కార్డు కాదు. పోదోర్ దగ్గర తొంభై ఏళ్ళ ముసలమ్మ ఒకతె హమాదీకి ఒక మాట చెప్పింది. వరద తగ్గిన నది ఒడ్డు మీద మొదట వదిలే తడి చారకు పేరు అది. ఆ చార చూసే అక్కడ విత్తనం వేస్తారు. నైలు ఒడ్డునా అలాగే వేసేవారు, అక్కడి మాటా దాదాపు ఇదేనని ప్రొఫెసర్ గారు గోడ రాతల్లో పట్టుకున్నాడు. ముసలమ్మ పోయింది. ఆమె గొంతు పట్టిన టేపు మీద వేరే ఊరి పాటలు ఎక్కాయి. మిగిలింది కార్డొక్కటే. బొమ్మలు గీయమని అది లాతిర్ బల్ల మీదికొచ్చినప్పుడు దాని మూల ప్రొఫెసర్ గారి పెన్సిలు రాత కనబడింది: "అధ్యాయానికి ప్రాణం. హమాదీ పేరుతో వెయ్యాలి." అది చదివిన లాతిర్ బొమ్మలు చక్కగా గీశాడు, సిరా ఆరేదాకా ఆగాడు, కార్డును చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడూ అక్కడే ఉంది. చెమటకు అంచు మెత్తబడింది.

హమాదీ ఒక్కో సొరుగూ లాగి, నేల మీద చతికిలబడి, వేళ్ళతో కార్డులు తిరగేస్తున్నాడు. నుదుటి మీద చెమట. పదకొండింటికి ప్రొఫెసర్ గారు తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"దొరికిందా?"

"లేదండీ. తప్పు నాదే. బొమ్మలయ్యాక సొరుగులో పెట్టుకోకుండా ఎక్కడో పారేసుంటాను. ముసలాణ్ణయిపోయానండీ."

ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పెద్దమనిషి ముందు హమాదీ తల వంచుకోవడం లాతిర్ ఇరవై రెండేళ్ళలో మొదటిసారి చూశాడు. ఎండలో వచ్చినవాడు చల్లటి నీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది. ఆ హాయికి అతనికే కాస్త సిగ్గేసింది కూడా. అయినా భయం లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు జేబులోంచి తీసి, "మోకాళ్ళ మీద పడి అడగరా బానిసా" అంటే సరి. అందరూ పగలబడి నవ్వుతారు. హమాదీ అందరికంటే ఎక్కువ నవ్వుతాడు. ఇంకాసేపు ఏడవనీ, భోజనాలయ్యాక ఇద్దాం అనుకున్నాడు.

మధ్యాహ్నం హమాదీ లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది.

"ఇంటికెళ్ళి నమాజు చేసుకుని ఓ కునుకు తీసొస్తాన్రా. నువ్వీలోగా నా సొరుగుల్లో చెయ్యి పెట్టకు. నీ చేతికి జిగురెక్కువ."

"పోరా. నువ్వొచ్చేలోపు ఈజిప్టంతా సెరేర్ చేసేస్తా."

హమాదీ నవ్వుకుంటూ మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగడం పైకి వినిపించింది.

లాతిర్ వీధి మలుపులో బల్ల వేసుకునే ఆవిడ దగ్గర చేపల అన్నం తిన్నాడు. పళ్ళెం అడుగున మాడిన అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు. చాలా రోజులకు అన్నం రుచిగా అనిపించింది. వచ్చి కూర్చున్నాడు. రెండయింది, మూడయింది. మెట్ల మీద దగ్గు వినబడలేదు. హమాదీ ఎదురుగా ఉంటేనే కార్డు దాచడం వేళాకోళం. లేకపోతే దానికి వేరే పేరుంది, ఆ పేరు లాతిర్‌కు తెలుసు. అందుకే గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా ప్రొఫెసర్ గారు కాగితాల కట్ట, పురికొస పట్టుకుని వచ్చాడు.

"లాతిర్, ఆ కార్డు కనబడలేదు కదా?"

ఇప్పుడైనా ఇవ్వవచ్చు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది కూడా. కానీ ఇస్తే ఆ మాట హమాదీ పేరుతో లోకమంతా తిరుగుతుంది. తను గీసిన బొమ్మల కింద మళ్ళీ హమాదీ పేరే ఉంటుంది.

"లేదండీ."

"సరే అయితే. ఆ మాట తీసేసి రెండువందల పన్నెండో పేజీ మళ్ళీ కొట్టు. ఖాళీ కనబడకుండా కలిపెయ్యి."

లాతిర్ కొట్టాడు. చక్కగా కుదిరింది. అక్కడొక మాట ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు. కట్ట మీద పురికొస బిగించి ముడివేశాడు, కారు వచ్చి తీసుకెళ్ళింది. అరగంటయ్యాక కింద కాపలావాడు ఫోను పెట్టేసి పైకొచ్చాడు. హమాదీ నమాజు చేసుకుని పడుకున్నాడట, చాయ్ పెట్టి లేపితే లేవలేదట.

మెదీనా పేటలో హమాదీ ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. వాకిట్లో చాపలు పరిచారు. లోపల శవానికి స్నానం చేయిస్తున్నారు, పొద్దున్నే పూడ్చిపెడతారు. మగవాళ్ళు తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నారు. లాతిర్‌ను చూడగానే చాలా మొహాల్లో ఏడుపు మధ్య చిన్న ఆశ కనబడింది. సెరేర్ బావ వచ్చాడు, ఇక ఏదో ఒకటి అంటాడు.

లాతిర్ చాప చివర తల వంచుకుని కూర్చున్నాడు. హమాదీ అన్న, తెల్ల గడ్డం ముసలాయన, కాసేపు చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏమోయ్, మీ బానిస పోతే నోరు కూడా పోయిందా?"

హమాదీ భార్య తక్కో లోపలి గదిలోంచి వచ్చి గోడవారన కూలబడింది. తల మీద తెల్లబట్ట. ఆమె కూడా అతని వైపే చూస్తోంది. లాతిర్ జేబులోంచి కార్డు తీసి చాప మీద పెట్టాడు.

"వాడి కార్డు నేనే కాజేశాను. మూడ్రోజుల్నించీ నా జేబులోనే ఉంది. ఇవాళ ప్రొఫెసర్ గారు అడిగితే లేదన్నాను. కట్ట వెళ్ళిపోయింది. వాడి మాట పుస్తకంలోకి రాదిక. వేళాకోళానికి చెయ్యలేదు. ఓర్వలేక చేశాను."

ముసలాయన తొడ చరిచాడు.

"విన్నారా! సెరేర్ వాడు దొంగతనం ఒప్పుకున్నాడు! నా తమ్ముడు చచ్చి సాధించాడర్రా!"

వాకిలంతా ఘొల్లుమంది. కళ్ళనీళ్ళతోనే నవ్వారు.

"నిజం చెబుతున్నాను. ఒట్టు," అన్నాడు లాతిర్.

"ఒట్టట! సెరేర్ ఒట్టు!" ఇంకా నవ్వారు. ఒకాయనకు నవ్వి నవ్వి పొలమారింది.

తక్కో నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. తల మీది బట్ట కొసతో మొహం తుడుచుకుని అంది:

"ఆయనకు తెలుసు బావా."

లాతిర్ తల ఎత్తాడు.

"అన్నం దగ్గర చెప్పాడు. దారంతా ఆలోచిస్తే తట్టిందట. కార్డు లాతిర్ దగ్గరే ఉందే, నన్ను ఏడిపించాలని దాచాడు, నాలుగు కొట్టేలోపు వాడే ఇచ్చేస్తాడు, వాడు నా బావ అన్నాడు. ఆ మాట అన్నాకే కాస్త నిమ్మళంగా పడుకున్నాడు. లేకపోతే పొద్దుట్నించీ ఒకటే బెంగ."

కార్డును ఆమె రెండు వేళ్ళతో తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది మాకెందుకు, మీ ఆఫీసుది." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి, గదిలోకి వెళ్ళి, ఆకుపచ్చ చారల ప్లాస్టిక్ కెటిలొకటి పట్టుకొచ్చింది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునేది.

"చచ్చిన బానిస సొత్తు అయ్యగారిది కదా. వట్టి చేతులతో పంపితే ఆయన ఊరుకోడు. తీసుకెళ్ళు," అంది.

అందరూ మళ్ళీ నవ్వారు. లాతిర్ కెటిల్ అందుకున్నాడు. వద్దనడం ఆ ఇంట్లో కుదరదు. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, పక్కనున్న ముసలమ్మ నువ్వు ముస్లిమువా నాయనా అని అడిగితే, కాదమ్మా అన్నాడు. ఇంటికొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక, భోజనాల బల్ల మీద పెట్టాడు. మూత తీసి చూశాడు. హమాదీ మధ్యాహ్నం వాడుకోగా మిగిలిన నీళ్ళు సగం దాకా ఉన్నాయి.