పద్దెనిమిదో రఫ్ఫు

ఆమెకు డేగకన్ను అని పేరు పెట్టింది అద్దకం ఆయన. మ్యూజియం వెనక గదిలో ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే పని చేస్తున్నారు. ఆయన ఉన్ని దారాలకు రంగులు వేస్తాడు, ఆమె ఆ దారాలతో చిరిగిన పాత బట్టలకు రఫ్ఫు చేస్తుంది. గుమ్మంలో నిలబడే "ఈ దారం ఒక పిసరు ఎరుపెక్కింది, మళ్ళీ ముంచు" అనేది. ఆయన గొణుక్కుంటూ ముంచేవాడు. ఆమె చేసిన రఫ్ఫు ఎక్కడుందో పట్టుకోమని కొత్తగా చేరిన వాళ్ళతో పందెం కాసేవాడు, ఒక్కసారీ ఓడిపోలేదు. పొగుడుతుంటే ఎవరికి చేదు? ఆ పేరు ఆమెకు కాస్త తలకెక్కింది కూడా.

ఇప్పుడు ఆ పేరుకే ముప్పు వచ్చిపడింది. ముందు హాల్లో గోడంత నేత తెర ఒకటి వేలాడుతుంది. మూడు వందల ఏళ్ళ నాటిది. తోటలో ఒక అమ్మాయి, ఆమె ఒళ్ళో తల పెట్టుకున్న లేడి, చుట్టూ దానిమ్మ చెట్లు, అన్నీ బూడిద రంగే. అందరూ దాన్ని బూడిద తోట అంటారు. ఆ దిగులు చూడడానికే జనం వస్తారు. చూసి నిట్టూర్చి, పోతూ పోతూ అదే బూడిద రంగు సంచీ ఒకటి కొనుక్కుని మరీ పోతారు. ఆ తెరలో పదిహేడు చోట్ల ఆమె రఫ్ఫు ఉంది. పదేళ్ళ పాటు ఎవరి కంటా పడని ఆ పదిహేడూ ఈ రెండేళ్ళలో ఒక్కొక్కటిగా తెల్లబడి సున్నం చుక్కల్లా బయటపడుతున్నాయి.

అంతకు ముందు ఆ పదిహేడు చోట్లా ఉన్నది ఆమె అత్తగారి రఫ్ఫు. ఆమె చేతికి సూది ఇచ్చి పని నేర్పిందీ ఆ అత్తగారే. పన్నెండేళ్ళ కిందట హాలు కప్పు కారి తెర పాడైతే పెద్దావిడే బాగుచేసింది. బాగుచెయ్యడమంటే మామూలుగానా! బూడిద ఆకుల మధ్య చిలకపచ్చ, బూడిద పండ్ల మధ్య నెత్తురెరుపు. చూసిన వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "వెనక చూడవే ఒకసారి" అంది అత్తగారు కోడలితో, రెండుసార్లు. వెనకంతా అస్తరు గుడ్డ కుట్టేసి ఉంది, పై నుంచి ఉత్తర్వు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు. చాదస్తం ముదిరిందనుకుని కోడలు ఆ మాట పెడచెవిన పెట్టింది. అంతటితో ఊరుకుందా? అప్పటి అధికారి గదిలోకి వెళ్ళి, "మా అత్తగారికి రంగులు ఆనడం లేదు సార్" అని చెప్పివచ్చింది.

ఆ వారంలోనే పెద్దావిడను ఇంటికి పంపేశారు. కోడలు నెల రోజులు కూర్చుని ఆ పదిహేడూ విప్పి, బూడిద దారంతో మళ్ళీ చేసింది. ఆనాటి నుంచీ అత్తాకోడళ్ళు ఇంట్లో ఉప్పు గురించి, కూరగాయల గురించి, కరెంటు పోవడం గురించి మాట్లాడుకున్నారు. దారం ఊసు ఇద్దరూ ఎత్తలేదు. మధ్యలో నలిగిన మొగుడు చొక్కా బొత్తాం ఊడితే తనే కుట్టుకోవడం నేర్చుకున్నాడు.

ఈ ఏడాది మ్యూజియానికి కొత్త అధికారి వచ్చింది, చిన్న వయసు ఆవిడ. తెల్ల చుక్కలు చూసింది, డేగకన్నును పిలిచి ఒక్క మాట కూడా అనలేదు. "ఇది తేలాలంటే అస్తరు విప్పాల్సిందే" అని ఉత్తర్వు మీద సంతకం పెట్టింది.

తెరను దించి, నాలుగు బల్లలు కలిపి, బోర్లా పరిచారు. ఉదయం పది గంటలు, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. డేగకన్నే ఒక మూల నుంచి అస్తరు కుట్లు కత్తిరిస్తూ వచ్చింది, అద్దకం ఆయన రెండో మూల నుంచి వచ్చాడు. మధ్యలో కలుసుకున్నాక అస్తరును ఇద్దరూ చెరో కొస పట్టుకుని నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టారు.

మొదట పచ్చ కనిపించింది. పచ్చంటే వాన వెలిసిన తర్వాతి పచ్చ. అస్తరు చుట్టుకుంటూ పోతుంటే ఆకుల వెనక నీలాకాశం, దాని కింద అమ్మాయి పసుపు గౌను, లేడి ఒంటి మీద ఇటుకరాయి రంగు మచ్చలు, కొమ్మ కొమ్మకూ పగిలిన ఎర్రటి దానిమ్మలు. మూడు వందల ఏళ్ళుగా అస్తరు చాటున ఎండ తగలని ఆ రంగులు నిన్న నేసినట్టున్నాయి. 

"ఇది బూడిద తోటేమిటి, నా మొహం!" అన్నాడు అద్దకం ఆయన. ఆయన చేతిలో అస్తరు జారిపోయింది. "ఇరవై ఏళ్ళు నేను ఎండకు వెలిసిపోయినదానికి రంగు కలిపానా?"

 డేగకన్ను చూస్తున్నది తోటను కాదు. ఆ పచ్చటి తోటలో అక్కడక్కడా ఎవరో బొగ్గుల కుంపటి బోర్లించినట్టు బూడిద మచ్చలు. లెక్కపెట్టక్కర్లేదు, ఎన్నో ఆమెకు తెలుసు.  దగ్గరి మచ్చ మీద వేలు పెట్టింది, తన రఫ్ఫే. ముసలావిడకు రంగులు ఆనడం లేదని ఆనాడు ఎంత ధీమాగా చెప్పింది! రంగు తెలిసిన మనిషిని రంగు తెలియదని గెంటించింది. ఆమె చేసిన సరైన పనిని నెల రోజులు శ్రద్ధగా కూర్చుని పాడుచేసింది.

"ఇదేంటమ్మా, ఇక్కడొకటి ఉంది" అంది అధికారి, కింది మూల వంగి.

ఒక ఎర్ర దానిమ్మ. అందులో అరచేయంత మేర నేత కాదు, రఫ్ఫు. ఎరుపు ఎరుపులో కలిసిపోయింది. దారం చివర ముడి లేదు, మూడుసార్లు వెనక్కి తిప్పి దాచేసి ఉంది. అలా దాచే చెయ్యి ఈ గదిలో ఒక్కటే ఉండేది, అత్తగారిది.

డేగకన్ను ఆ ఎరుపు మధ్యలో గుండుసూది గుచ్చి, అద్దకం ఆయన చేత ఆ మూల పైకి ఎత్తించి, ముందు వైపు చూసింది. బూడిద దానిమ్మలోంచి సూదిమొన పొడుచుకొచ్చింది. దాని చుట్టూ వెతికింది. భూతద్దం పెట్టి వెతికింది. నేత ఎక్కడ ఆగిందో, రఫ్ఫు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అసలు రంగుతో చేసి వదిలేస్తే, ఏళ్ళు గడిచే కొద్దీ చుట్టూ ఉన్న నేతతో పాటే అదీ వెలిసి దానిలో కలిసిపోయింది. తను వెలిసిన రంగుకు సరిపోయే దారం వాడింది, ఆ దారం ఇంకా వెలిసి తెల్లబడింది. ఇంత చిన్న సంగతి తట్టని కళ్ళకు డేగ పేరొకటి!

"ఇది ఎవరు చేశారు? ఆవిడ ఉన్నారా?" అని అడిగింది అధికారి.

"మా ఇంట్లోనే ఉన్నారు" అంది డేగకన్ను. పూర్తి సంగతి కూడా చెప్పేసింది, ఏదీ దాచలేదు. అద్దకం ఆయన తల దించుకుని అస్తరు మడత పెడుతూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. అత్తగారు కిటికీ పక్క కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, చూపుతో కాదు, వేళ్ళతో. ఇప్పుడు ఆవిడకు నిజంగానే రెండు కళ్ళకూ శుక్లాలు.

"అస్తరు విప్పారత్తయ్యా."

అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"దానిమ్మలు ఎర్రగానే ఉన్నాయా?"

"నిప్పుకణికల్లా ఉన్నాయి."

"ఆ అమ్మాయి గౌను పసుపు కదూ. నలభై ఏళ్ళ కిందట, నేను పనిలో చేరిన ఏడాది అస్తరు మార్చారు. అప్పుడు చూశాను."

"వెనక చూడమన్నారు మీరు. నేను చూడలేదు. మీ కళ్ళు పోయాయని నేనే వెళ్ళి చెప్పాను. మీ పని నా చేతులతో నేనే విప్పాను."  "ఘోరం చేశానత్తయ్యా."

"విప్పిన దారాలేం చేశావు?"

"ఊడ్చి పారేశాను."

అత్తగారు ఇంకో కాయ తీసుకుంది. ఒలవకుండా అలాగే పట్టుకుంది.

"అన్నీ విప్పలేదులే. నా సూదుల డబ్బా తెచ్చుకోడానికి వచ్చిన రోజు చూశాను. కింది మూల దానిమ్మ అలాగే ఉంది. అది నా మొట్టమొదటి పనే అమ్మాయ్. పెద్దదాన్ని కదా, నేర్పినదాన్ని కదా, నా గుర్తుగా అదొక్కటైనా ఉంచాలనుకున్నావనుకున్నాను. అంత కోపంలోనూ ఆ ఒక్క మాట పట్టుకునే నీ చేతి అన్నం తిన్నాను."

అవునత్తయ్యా అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పన్నెండేళ్ళలో అత్తగారి దగ్గర ఆమెకు మిగిలిన మంచి అదొక్కటే, ఇప్పుడు అదీ పోతుంది.

"కావాలని ఉంచలేదత్తయ్యా. కనిపించి ఉంటే అదీ విప్పేసేదాన్ని. నాకు కనిపించలేదు."

అత్తగారి మొహం వాడిపోయింది. కాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత ఆ తల మెల్లగా ఇటు తిరిగింది.

"ఏమన్నావు? కనిపించలేదా?"

"లేదు."

"నీకు?"

"నాకే. ఇవాళ సూది గుచ్చి, భూతద్దం పెట్టి వెతికినా కనిపించలేదు."

ఒడిలో చిక్కుడుకాయలు జలజలా నేల మీద పడ్డాయి. అత్తగారు లేవబోయి లేవలేక మళ్ళీ కూలబడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని కోడలు గబుక్కున దగ్గరికి వెళ్ళింది. ఏడుపూ ఉంది, దాన్ని తోసుకుంటూ నవ్వూ వస్తోంది. తడుముకుని కోడలి మణికట్టు పట్టుకుంది.

"ఇంకోసారి చెప్పవే" అంది.

"కనిపించలేదత్తయ్యా" అంది కోడలు.