కొలవని రోజు

నేను ఒక ఖాళీని. అంకెను కాను, అక్షరాన్ని కాను, సున్నాను అసలే కాను. సున్నాకీ నాకూ చుట్టరికం కలపడం మీ మనుషులకు భలే సరదా. కొలిచి చూశాక ఏమీ లేదని చెప్పేది సున్నా. ఇంకా కొలవలేదని చెప్పేదాన్ని నేను. ఈ తేడా పట్టించుకోక మీరు పడే తిప్పలు మామూలుగా నవ్వుతూ చూస్తాను. ఒక్కరోజు మాత్రం అది ప్రాణాల మీదికి వచ్చింది.

నేను పుట్టింది జోడుమామిడి కొండ మీద, కొర్రా బుద్రు ఫోనులో. బుద్రు అక్కడి వర్షమాపకం చూసే మనిషి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు డబ్బాలో చేరిన వాననీటిని గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో ఫోనులో నింపి పంపుతాడు. ఆ అక్టోబరు ఉదయం వెళ్ళేసరికి గాలికి డబ్బా బోర్లాపడి ఉంది. నీళ్ళన్నీ నేలపాలు. తేదీ నింపాడు, ఊరి పేరు నింపాడు, 'వాన' అన్న గడి దగ్గర ఆగాడు. వెంట వచ్చిన భార్య "ఏదో ఒకటి ఎయ్యరాదా" అంది. "కొలవంది ఎలగేస్తాను?" అని గడిని అలాగే వదిలి పంపేశాడు. నన్ను కన్నవాడు అబద్ధం రాయనివాడని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

కొండ మీది వివరాలు కింద మొగిలిగెడ్డ జలాశయం ఆఫీసుకు చేరాలంటే వాటిని మూట కట్టాలి, అక్కడ మళ్ళీ విప్పాలి. మూట కట్టే ప్రోగ్రాం రాసినాయన మహా పొదుపరి. ఏమీ లేని గడిని మోసుకెళ్ళడం దండగని, ఖాళీ గడులను మూటలో పెట్టొద్దన్నాడు. దాంతో నన్ను గడి పేరుతో సహా గుమ్మంలోనే దించేశారు. మూట విప్పే ప్రోగ్రాం వేరే ఊళ్ళో ఒకావిడ రాసింది. ఆవిడకు అంతా నిండుగా కనపడాలి. 'వాన' గడి రాకపోతే తెర బోసిగా ఉంటుందని అక్కడ సున్నా పెట్టేయమంది. ఇద్దరూ తెలివైనవాళ్ళే, ఎవరి పని వాళ్ళు చక్కగా చేశారు. ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకున్న పాపాన మాత్రం పోలేదు. అలా నా చోట్లో సున్నా వచ్చి కూర్చుంది.

జలాశయం ఆఫీసులో ఇంజనీరు ఝాన్సీ తెర చూసింది. పై కొండల మీద మూడు కేంద్రాలున్నాయి. ఒకచోట తొంభై ఎనిమిది, ఇంకోచోట నూట తొమ్మిది, నడుమ జోడుమామిడిలో సున్నా. మూడింటి సగటు వంద దాటితే సైరన్ మోగించి, నదిలో ఉన్నవాళ్ళను ఒడ్డుకు చేర్చి, గేట్లు ఎత్తాలి. సగటు అరవై తొమ్మిదే వచ్చింది. హెచ్చరిక అవసరం లేదని తెర తేల్చేసింది.

కింద ఎండ కాస్తోంది. గేట్లకు కిలోమీటరు దిగువన, నది మధ్య ఇసుకతిన్నె మీద పదకొండు మంది రెల్లు కోసుకుంటున్నారు. జలాశయం నిండుకుండలా ఉంది. పైనుంచి వరద ఒక్కసారిగా వస్తే గేట్లన్నీ ఒకేసారి ఎత్తక తప్పదు. అప్పుడు సైరన్ మోగించినా వాళ్ళు ఒడ్డు చేరలేరు.

ఝాన్సీకి ఆ సున్నా మింగుడుపడలేదు. అటూ ఇటూ కుండపోత, నడిమి కొండ మీద చుక్క లేదా? బుద్రుకు ఫోన్ చేసింది. ఆ ఫోనులో నేను ఇంకా ఉన్నాను కాబట్టి ప్రతి మాటా విన్నాను.

"బుద్రూ, నిన్నటి వాన లేదా?"

"నేదండి మేడం."

నాకు ప్రాణం పోయినంత పనైంది. మీ భాషలో ఈ 'లేదు' ఉంది చూశారూ, పడనిదానికీ అదే, రాయనిదానికీ అదే. ఆమె సరేనని పెట్టేయబోతుంటే బుద్రే మళ్ళీ అన్నాడు.

"డబ్బా బోర్లడిపోనాది మేడం. అందుకే ఏటీ ఎయ్యనేదు."

"ఇక్కడ సున్నా ఉందే?"

"సున్నా నానెందుకేస్తానండి?"

"మరి వాన లేదన్నావు?"

"లెక్క నేదన్నానండి. వాన నేదన్నానా? తెల్లార్లూ కురిసింది. గెడ్డ పొంగిపోయి దాటడానికి నేకుండా ఉంది."

ఝాన్సీ సున్నాను పక్కన పెట్టి మిగిలిన రెండింటి సగటు వేసింది. నూట మూడున్నర. వెంటనే సైరన్ మోగించి, గేట్ల దగ్గర పనిచేసే లస్కరు సూరప్పడిని మోటారుసైకిల్ మీద తిన్నె దగ్గరికి తరిమింది. కోసిన రెల్లు వదిలి రావడానికి వాళ్ళు గొణిగారట. సూరప్పడు తిట్టి మరీ రప్పించాడు. అందరూ ఒడ్డెక్కారని అతను కబురు చేశాకే ఆమె గేట్లు కొద్దికొద్దిగా ఎత్తించింది. ఒంటిగంటకు వరద వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు అక్కడ తిన్నె అనేది కనిపించలేదు.

ఆ వారంలోనే మూట కట్టినాయన్నీ విప్పినావిడనీ ఝాన్సీ ఒకే ఫోన్‌లో కలిపింది. పావుగంటలో తేలిపోయింది. ఇప్పుడు నన్ను నా గడిలోనే కూర్చోబెట్టి, ఖాళీ అని రాసి పంపుతారు. విప్పాక తెర మీద 'కొలవలేదు' అని కనిపిస్తాను, సగటులో నన్ను కలపరు. దారిలో గడే పోతే 'వివరం అందలేదు' అని వేరేగా చూపిస్తారు. కొలవకపోవడం ఒకటి, అందకపోవడం ఇంకొకటి అని మనుషులు ఒప్పుకున్న రోజున నాకు కడుపు నిండింది.

చివరికి వరద మీద పైవాళ్ళకు నివేదిక పంపాల్సి వచ్చింది. ఝాన్సీ అందులో జోడుమామిడి గడిలో నన్నే ఉంచింది. 'ప్రాణనష్టం' అన్న గడిలో గుమాస్తా అలవాటు కొద్దీ సున్నా వేసి తెచ్చాడు. ఆమె వెంటనే సంతకం పెట్టలేదు. సూరప్పడిని పిలిపించింది.

"ఆ రోజు ఒడ్డెక్కినవాళ్ళని లెక్కపెట్టావా?"

"పెట్టానండి. తిన్నె మీదికెల్లింది పదకొండు, ఎక్కింది పదకొండు. ఆకర్న గౌరమ్మొచ్చింది, సంకన పిల్లతోటి. ఆ పిల్లని కలిపితే పన్నెండండి."

ఝాన్సీ నివేదికలో 'ఒడ్డు చేరినవాళ్ళు' అన్న గడిలోని పదకొండును కొట్టేసి పన్నెండు రాసింది. తర్వాత ఆ సున్నా పక్కన సంతకం పెట్టింది. సున్నా మీద నాకు పుట్టినప్పటి నుంచీ కోపమే, కానీ ఆ ఒక్కదానికి దణ్ణం పెట్టాలనిపించింది.